ఇసుకలోని పురుగులు: ఆద్యులా, అర్వాచీనులా?

ఉదయగిరి కొండలపై గట్టివాన కురిసిన దినమున వంకలన్నియు ఎఱ్ఱనీటితో దిగివచ్చును. ఆ నీరు బొగ్గేరు మొదలైన వాగులలో పడి, ఆత్మకూరు సీమ మీదుగా పెన్నలో కలియును. నంది కొండలలో పుట్టిన పెన్న అనంతపురము, కడప మండలములను దాటి, వెలికొండల నడుమ సందు చేసికొని, సోమశిల వద్ద నెల్లూరు మండలమున అడుగుపెట్టును. నీటితోబాటు రాయియు ప్రయాణము చేయును. కొండపై పలుగురాయి పగిలి బెడ్డయగును; బెడ్డ వాగులో దొర్లి గులకరాయి యగును; గులకరాయి అరిగి ఇసుక యగును. ఆత్మకూరు ప్రాంతమున పెన్న ఇసుకను చేతికి తీసికొన్నచో రేణువు రేణువుగా లెక్కపెట్టవచ్చును. అందు అభ్రకపు తళుకులు గూడ కన్పట్టును. ఊటుకూరు దగ్గర ఏరు సముద్రములో కలియు చోట తీసినది వ్రేళ్ల సందులనుండి పిండివలె జారిపోవును. ఒకే ఏటి ఇసుక, ఒకే కొండల ఇసుక. రేణువు పరిమాణము మాత్రము వేరు.

ఈ చిన్న భేదము జీవశాస్త్రములో నూరేండ్లకు పైగా సాగిన ఒక వివాదమునకు కీలకమైనదన్నచో వినువారికి వింతగా తోచును. ఆ వివాదమున చెన్నపురి తీరపు ఇసుకకును, వాల్తేరు తీరపు ఇసుకకును పాత్ర గలదు. నెల్లూరు తీరము ఆ రెంటికి నడుమ నున్నది.

సముద్రపుటొడ్డున నడచువాడు కాలి క్రింద ఇసుక యున్నదనుకొనునే గాని, జనసమ్మర్దము గల నగరమున్నదని తలపడు. రేణువునకు రేణువునకు మధ్య సన్నని సందులు గలవు. వానిలో నీరు నిలుచును. అల వచ్చినపుడెల్ల క్రొత్త గాలియు, క్రొత్త ఆహారమును అందును. ఆ సందులలోనే పుట్టి, పెరిగి, పిల్లలను కని, చచ్చు జీవులు అనేక వర్గములవి గలవు. వీనిలో పెక్కింటి పొడవు మిల్లీమీటరుకు అటునిటు. దారము వలె సన్నని దేహము, రేణువును అంటిపెట్టుకొనుటకు జిగురు గ్రంథులు, జారుటకు మేనిపై సూక్ష్మకేశములు వీనిలో సామాన్యముగా కన్పట్టు లక్షణములు. నత్తల జాతియైనను, పురుగుల జాతియైనను ఇసుక సందులలో కాపురమున్నచో ఇంచుమించు ఇదే రూపము దాల్చును. అసలు చిక్కంతయు ఇచ్చటనే పుట్టినది.

వీనిని పట్టుటకు గొప్ప పరికరములక్కరలేదు. అల విరిగి వెనుకకు పోవు చోట చేద నిండ ఇసుక త్రవ్వి, వానికి మత్తు కలుగునట్లు మెగ్నీషియం క్లోరైడు కలిపిన నీరు పోసి, కలియబెట్టి, పైకి తేలిన తేటను సన్నని వలగుడ్డలో వడగట్టుదురు. మత్తెక్కిన జీవి రేణువుపై పట్టు విడుచును. మిగిలిన పని సూక్ష్మదర్శినిది. జర్మనీలోని కీల్ నగరమున అడాల్ఫ్ రెమానె ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున ఈ విద్యకు పునాది వేసెను. అంతకు పూర్వము ఇసుక సందులలో లోకమొకటి యున్నదని శాస్త్రజ్ఞులకును అంతగా తెలియదు. దొరికిన ఒకటి రెండు పురుగులను వింతలుగా వర్ణించి ఊరకుండిరి.

ఆ వింతలలో పాలిగోర్డియస్ అనునది ఒకటి. 1868లో ఆంటన్ ష్నైడర్ దానిని వర్ణించెను. కొన్ని సెంటీమీటర్ల పొడవు గల నూలుపోగు వంటి పురుగు. వానపాము, జెలగ, సముద్రపు నీరిస్ చేరిన వలయజీవుల వర్గములోనిదే, గాని వలయములు పైకి స్పష్టముగా కానరావు. నీరిస్‌కు ప్రతి వలయమునకు ఇరువైపుల పార్శ్వపాదములు, వానిపై శూకములు ఉండును; దీనికి రెండును లేవు. నాడీదండము గూడ లోపలికి పోక చర్మమునంటియే యుండును. ఆస్ట్రియా దేశపు బెర్తోల్డ్ హాట్షెక్ ఈ పురుగు డింభకదశను పరిశీలించి 1878లో ఒక సిద్ధాంతము ప్రకటించెను. బొంగరమువలె తిరుగుచు ఈదు ఆ డింభకమునకు ట్రోకోఫోర్ అని పేరిడినది అతడే. డింభకము తొలి పూర్వికుని రూపమని, పాలిగోర్డియస్ ఆ పూర్వికుని దగ్గరి వారసుడని అతని తలపు. పాదములు, శూకములు ఇంకను ఏర్పడని కాలపు వలయజీవి నేటికిని బ్రతికి యున్నదని అతడు నమ్మెను. అందుచే ఆ గుంపునకు ఆర్కియనేలిడా, అనగా ఆదివలయజీవులు, అని పేరు పెట్టెను. ప్రోటోడ్రిలస్, శాక్కోసిర్రస్, డైనోఫిలస్ మొదలైనవి క్రమముగా ఆ పేరు క్రింద చేరెను. పేరు పెట్టుట సులభము. పెట్టిన పేరును తీసివేయుట ఎంత కష్టమో ముందు చూతము.

మన తీరమునకు ఈ కథ 1944లో వచ్చినది. మదరాసు విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర పరిశోధనశాలకు చెందిన ఆర్. గోపాలయ్యరును, కె. హెచ్. అలికున్హియు చెన్నపురి తీరపు ఇసుకనుండి ఈ పురుగులను పట్టి వర్ణించిరి. పాలిగోర్డియస్ మద్రాసెన్సిస్, ప్రోటోడ్రిలస్ ఇండికస్, శాక్కోసిర్రస్ మైనర్ అను పేర్లు ఆ నాటివే. ఈ అలికున్హిని ఆంధ్రదేశపు చేపల రైతులు గూడ తలచుకొనదగును. ఆయన తరువాత మంచినీటి చేపల వైపు మరలెను. 1957లో కటకమున హీరాలాల్ చౌధురి మన బొచ్చె వంటి చేపలచే హార్మోను సూదిమందుతో గ్రుడ్లు పెట్టించిన కృషిలో ఆయన భాగస్వామి. నేడు మన చెరువులకు పిల్లచేపలనందించు విధానము ఆ సూదిమందు నుండియే ఎదిగినది. ఇసుకలో దారపుపోగును వెదకిన కన్నే దేశమునకు చేపకూర పెట్టినదన్నచో అతిశయోక్తి కాదు.

వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పి. యన్. గణపతి సముద్రజీవ పరిశోధనకు పెద్దదిక్కుగా నుండెను. ఆయన శిష్యుడు జి. చంద్రశేఖరరావు వాల్తేరు తీరపు ఇసుకను అడుగడుగున శోధించెను. 1968లో గురుశిష్యులిరువురును అచ్చటి ఇసుక సందుల జీవజాలమును గూర్చి విపులమైన వ్యాసము ప్రకటించిరి. ఆదివలయజీవులను గూర్చి అదే యేట వేరుగా వ్రాసిరి. ఒక్క పట్టణపు ఇసుకతిన్నెలో ఇన్ని వర్గముల ప్రాణులున్నవాయని చదివినవారికి విస్మయము కలుగును.

అదే సంవత్సరమున చంద్రశేఖరరావు మరియొక జీవికి పేరు పెట్టెను: శామ్మొథూరియా గణపతియై. గురువు పేర వెలసిన ఈ జీవి సముద్రదోస జాతిది. నక్షత్రచేపకు, సముద్రపు ముళ్లకాయకు దాయాది. సముద్రదోసలు సామాన్యముగా జానెడు, బారెడు ఉండును. ఇదియో కొద్ది మిల్లీమీటర్లే. వాల్తేరు ఇసుకరేణువుల నడుమ ఇమిడి పోవును. దీనిని చూచి, సముద్రదోసలన్నిటికిని ఇదియే ఆదిమూలమని ఎవరును అనలేదు. పెద్ద దేహము గల తాతలకు పుట్టి, ఇసుకలో చేరి, కుదించుకొని పోయిన మనుమడని అందఱును గ్రహించిరి. అదే ఇసుక, అదే సందు, అదే చిన్నతనము. పురుగు విషయమున మాత్రము చిన్నదియు సరళమైనదియు గనుక ఆద్యమైనదనిరి. ఈ రెండు తీర్పులును ఒకే గుప్పెడు ఇసుకపై వెలువడినవి!

సరళత రెండు విధములు. ఎన్నడును కలుగనందున లేమి యొకటి. కలిగి పోగొట్టుకొన్నందున లేమి మరియొకటి. ఉదయగిరి దుర్గమునెక్కిన విద్యార్థికి ఈ సంగతి కంటికి కట్టినట్లు తెలియును. 1514లో శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలము ముట్టడించి గజపతులనుండి గెలిచిన దుర్గమది. అచ్చట కప్పులేని గోడలు నిలిచియున్నచో, ఇది యింకను కప్పు వేయని క్రొత్త కట్టడమని ఎవడైన అనునా? గోడ పైవరుసలో దూలములు దూర్చిన రంధ్రములను చూపి, కప్పుండి కూలినదని చెప్పును. పాముకు కాళ్లు లేవు. అందుచే బల్లికంటె పాము ముందు పుట్టినదని చెప్పరాదు. కొండచిలువ దేహము వెనుకభాగమున నేటికిని కాళ్ల గుర్తులు రెండు మొలకలుగా మిగిలియున్నవి. పాలిగోర్డియస్ చర్మముపై అట్టి రంధ్రములు, అట్టి మొలకలు పైకి కానరావు. అందుచే వాదము తెగలేదు.

అమెరికాలో కోలిన్ హెర్మన్స్ 1969లో ఆదివలయజీవులన్న గుంపు కేవలము మన సౌకర్యమునకు కట్టిన మూట యని వాదించెను. 1987లో విల్‌ఫ్రీడ్ వెస్ట్‌హైడే, పెద్ద పురుగుల డింభకములే ఎదుగుట మాని, ఆ లేతరూపముననే గ్రుడ్లు పెట్టనేర్చి ఇసుకలో స్థిరపడెనని చెప్పెను. బాలుడు బాలుడుగానే తండ్రియైనట్లు. ఇసుక సందులలో బ్రతుకుట అందఱికిని ఒకే రూపమునిచ్చునపుడు, రూపమును చూచి వంశము నిర్ణయింపబూనుట చిక్కు తెచ్చును. ఒకే దళమున చేరిన సిపాయిలు ఒకే దుస్తులు తొడిగిరని వారిని అన్నదమ్ములనుకొనుట వంటిది అది. దుస్తులు విప్పించి చూడవలెను. అట్లు చూచుటకు సాధనము జన్యువులలో దొరకినది.

ఈ పద్ధతి తెలుగు ఉపాధ్యాయులకు క్రొత్త గాదు. ప్రాచీన కావ్యమును పరిష్కరించు పండితుడు చేయునదియే నేడు జీవశాస్త్రజ్ఞుడును చేయుచున్నాడు. పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌను కడపలో పండితులను చేర్చి, తాటాకు ప్రతులను దగ్గర పెట్టుకొని పోల్పించెను. ఒక వ్రాయసకాడు ఒకచోట అక్షరము తప్పును. అతని ప్రతిని చూచి వ్రాసినవారందఱును ఆ తప్పునే వ్రాయుదురు. పది ప్రతులలో నాలుగింట ఒకే పద్యమున ఒకే విపరీతపు తప్పు కన్పట్టినచో, ఆ నాలుగును ఒక తల్లిప్రతికి పుట్టిన బిడ్డలని తేలును. ప్రతి పెద్దదో చిన్నదో, అట్ట ఉన్నదో ఊడినదో చూడ పనిలేదు. తప్పులే వంశవృక్షము చెప్పును. సగము ఆకులు పోయిన ప్రతి మూలప్రతి కానక్కరలేదు గదా!

ప్రతి జీవకణములోను నాలుగు అక్షరములతో వ్రాసిన గ్రంథమున్నది. అదే డి.యన్.ఏ. తల్లిదండ్రులనుండి బిడ్డకు ప్రతి చేయబడునపుడు అచ్చటచ్చట అక్షరము మారును. మారినది తరతరములకు సంక్రమించును. పాదములు లేని పురుగును, పాదములు గల పురుగును ప్రక్కప్రక్కన పెట్టి, దేహమును చూడక, గ్రంథమునే చదివి, ఏ మార్పులు ఎవరికి ఉమ్మడియో లెక్కించినచో వంశము బయటపడవలెను.

చెప్పుట ఇంత తేలిక, చేయుట కాదు. మొదట ఒకే జన్యువును చదివిరి. రైబోసోము నిర్మాణమున పాల్గొను ఆ జన్యువులో సుమారు 1800 అక్షరములుండును. వలయజీవుల విషయమున అది చాలలేదు. దానిని నమ్మి గీసిన వృక్షములలో నత్తలు మొదలైన ఇతర వర్గములు వలయజీవుల నడుమకు వచ్చి కూర్చుండెను. ఒక్క సీసపద్యమును పోల్చి మహాభారత ప్రతుల వంశము తేల్చబూనినట్లయినది. పైగా మరియొక మోసము గలదు. అతి త్వరగా మార్పు చెందు వంశములు కొన్ని యుండును. నిర్లక్ష్యముగా వ్రాయు ఇద్దరు వ్రాయసకాండ్రు ఒకరినొకరు ఎరుగకున్నను, వేలకొలది తప్పులు చేయుటచే కొన్ని తప్పులు కాకతాళీయముగా కలియును. నాలుగే అక్షరములున్నపుడు అట్లు కలియుట మరింత సులభము. అప్పుడు లెక్క వారిని అన్నదమ్ములుగా చూపును. ఇసుక పురుగులలో పెక్కు ఈ త్వరగా మారు తెగలోనివే. అందుచే శాస్త్రజ్ఞులు నాలుగక్షరముల బదులు, వాని వలన ఏర్పడు ఇరువది అమైనో ఆమ్లముల వరుసను పోల్చుటయు, ఎక్కువ దోషభూయిష్ఠములైన జన్యువులను తీసివేసి మరల లెక్కించుటయు అలవరచుకొనిరి. ఏది తీసివేసినను నిలిచిన ఫలితమునే నమ్మిరి. ఈ జాగరూకత లేని లెక్క యెంత పెద్దదైనను నమ్మదగినది కాదు.

2011లో జర్మనీ శాస్త్రజ్ఞుడు టోర్స్టెన్ స్ట్రుక్, ఆయన సహచరులు 34 వలయజీవులనుండి 231 జన్యువులను, అనగా 47,953 అమైనో ఆమ్ల స్థానములను, పోల్చిరి. పందొమ్మిదవ శతాబ్దపు పండితులు చేసి, తరువాతివారు త్రోసివేసిన ఒక విభాగము తిరిగి లేచి కూర్చుండెను: తిరుగుడు పురుగులు ఒక శాఖ, కుదురు పురుగులు ఒక శాఖ. నీరిస్ మొదటి దానిలోనిది. వానపామును జెలగయు రెండవ దాని నడుమ నుండి మొలచిన కొమ్మలు. పాఠ్యగ్రంథములలో బహుశూకములు, అల్పశూకములు, జెలగలు అని సమానముగా మూడు తరగతులు నేర్చినవారికి ఇది గట్టి దెబ్బ. వానపాము బహుశూకముల వెలుపల నిలిచిన వేరు తరగతి కాదు. ఆ వంశములోనే పుట్టి, నేలకెక్కి, శూకములు తగ్గించుకొన్న ఒక శాఖ.

మరి అన్నిటికంటె ముందు విడివడిన కొమ్మ యేది? 2014లో ఆన్ వైగర్ట్, ఆమె సహచరులు చేసిన పనిలో ఆ స్థానము ఓవీనియా, మాజిలోనా కుటుంబములకు దక్కినది. ఓవీనియా కొన్ని సెంటీమీటర్ల పురుగు. ఇసుకరేణువులను పెంకుల కప్పు వలె ఒకదానిపై నొకటి అతికించుకొని గొట్టము కట్టి, అందు కాపురముండును. ఇసుక సందులలో దూరినది ఆద్యము కాలేదు. ఇసుకతో ఇల్లు కట్టినది ఆద్యులకు దగ్గరైనది.

2015లో రెండు బృందములు వేర్వేరుగా ఆదివలయజీవులనే పరీక్షకు పెట్టెను. ఒకటి స్ట్రుక్ గారిది. మరియొకటి సోనియా ఆంద్రాడే మొదలైనవారిది. రెండును ఒక విషయమున ఏకీభవించెను: ఆదివలయజీవులు అను ఒక వంశము లేదు, వారు వృక్షపు మొదట లేరు. వలయజీవుల వృక్షపు కొమ్మల నడుమ వేర్వేరు చోట్ల వారు కనబడిరి. హాట్షెక్ పెట్టిన పేరు వంశనామముగా ఆ యేటితో చెల్లిపోయినదనవచ్చును. 1878 నుండి 2015 వరకు నూటముప్పదియేడేండ్లు!

స్ట్రుక్ బృందము మరియొక సంగతి గూడ గమనించెను. పాలిగోర్డియస్, శాక్కోసిర్రస్, ప్రోటోడ్రిలస్ ఒక కొమ్మకు చెందినవి. నీరిస్ గల తిరుగుడు పురుగుల శాఖకు దగ్గరివి. డైనోఫిలస్ కుటుంబము వేరొక కొమ్మ. రెండు కొమ్మలును ఇసుకలో చేరిన దారులు గూడ వేరు. డైనోఫిలస్ విషయమున వెస్ట్‌హైడే చెప్పిన మాటయే సరిపడునని వారికి తోచెను: బాల్యముననే ఎదుగుదల ఆగి, ఒక్క దూకుతో చిన్నదైనది. మొదటి కొమ్మ అట్లు కాదు. అది మెట్టు మెట్టుగా చిన్నదైనది. పెద్ద రేణువుల ముతక ఇసుకలో మొదట కాపురము. అందు సందులు వెడల్పు గనుక సెంటీమీటర్ల పొడవు గల దేహమునకు చోటుండెను. తరువాతి తరములు క్రమముగా మెత్తని ఇసుకకు దిగెను. సందు ఇరుకైన కొలది దేహమును సన్నగిల్లెను. ఇట్టి మెల్లని మార్పునకు ఇసుక సందులలో అవకాశమే లేదని అంతకు ముందు పెక్కుమంది తలచిరి.

ఈ లెక్కను చదివినపుడు ఆత్మకూరువాసికి పెన్న జ్ఞప్తికి రాక మానదు. సోమశిల దిగువ ముతక ఇసుకనుండి ఊటుకూరు దగ్గరి పిండి ఇసుక వరకు గల ఒక్కొక్క జల్లెడ మెట్టును ఒక వంశము లక్షల తరములలో దిగినదని ఊహించుకొనవచ్చును. ఇది పోలిక మాత్రమే. ఆ పురుగులు సముద్రపు ఇసుకలోనివి, ఏటి ఇసుకలోనివి కావు. కాని సముద్రమునకు ఇసుకనిచ్చునది ఏరే. 78 టి.యం.సి. నీరు పట్టు సోమశిల జలాశయము వెనుక నేడు ముతక ఇసుక నిలిచిపోవుచున్నది. పెద్ద ఆనకట్టలన్నిటి వెనుకను ఇట్లే జరుగును. ఒడ్డున రేణువు పరిమాణము మారినచో రేణువుల నడుమ నివసించువారి ఇండ్ల కొలతలును మారును.

శాస్త్రములో తుది తీర్పు వ్రాసి కలము విరుచు న్యాయాధిపతి లేడు. డైనోఫిలస్ కుటుంబములోని డైమార్ఫిలస్ అను మిల్లీమీటరు పురుగు యొక్క పూర్తి జన్యుగ్రంథమును 2020లో ప్రకటించిరి. ఆడుదియే మిల్లీమీటరు, మగది అందులో ఇరువదవ వంతు మాత్రమే. దాని గ్రంథము రమారమి ఏడు కోట్ల అక్షరములు. మనుష్యునిది మూడువందల కోట్లకు మించినది. ఇంత కుదించుకొన్న జీవి జన్యువులను విచ్చలవిడిగా పారవైచి యుండునని అందఱును ఊహింతురు. అట్లు జరుగలేదు. దేహపు ముందువెనుకలను తీర్చు హాక్స్ జన్యువులు వరుస తప్పక నిలిచియున్నవి. పెద్ద పురుగులకున్న నిర్మాణసామగ్రి చాలవరకున్నది. తగ్గినది నడుమనున్న ఖాళీజాగా. ఉదయగిరి గోడలపై దూలపు రంధ్రములన్నామే, అవి యివియే. కప్పు లేదు, కప్పు వేయుటకు కావలసిన కొలతలు గోడలో నున్నవి. అదే పరిశోధనలో ఈ కుటుంబపు కొమ్మ స్ట్రుక్ గీసిన చోటునుండి కదలి, తిరుగుడు, కుదురు శాఖలు రెండును విడివడుటకు ముందు చోటికి జరిగినది. ఓవీనియా స్థానమునకు మాత్రము అది చేరలేదు. అది చిన్నదైన తీరును గూర్చిన వాదము ఇందుచే తిరిగి తెరువబడినది. త్వరగా మారు వంశములు లెక్కను ఎట్లు తిప్పలు పెట్టునో ఇదియొక నిదర్శనము.

వలయజీవులలో జరిగినదే సముద్రపు అకశేరుకములన్నిట జరుగుచున్నది. తెడ్డుల వంటి కేశములతో ఈదు దువ్వెన జెల్లీలు ముందు విడివడెనా, స్పంజికలు ముందు విడివడెనా యను వాదము 2008 నుండి నడచుచున్నది. 2023లో జన్యువులు క్రోమోసోములపై కూర్చున్న వరుసను పోల్చినవారు దువ్వెన జెల్లీల పక్షము వహించిరి. వెన్నెముక గల మనకు దగ్గరి చుట్టము చేపను పోలిన ఆంఫియాక్సస్ కాదని, రాతికంటుకొని సంచివలె బ్రతుకు ట్యూనికేటు లని 2006లో తేలినది. సంచికి చేపకంటె మనతో ఎక్కువ చుట్టరికమా యని పిల్లలు నవ్వుదురు. నవ్వనిండు, ట్యూనికేటు డింభకమునకు తోకయు, వెన్నుదండమును ఉండునని, పెద్దదైన పిమ్మట అది వానిని పోగొట్టుకొనునని చెప్పినచో నవ్వు ఆగి ప్రశ్నలు మొదలగును. అమీబానుండి మనుష్యుని వరకు నల్లబల్లపై నిచ్చెన గీయు అలవాటు బడులలో నాటుకొని పోయినది. నిచ్చెనలో క్రింది మెట్టు మీదివాడు పైవాని తాత. చెట్టులో అట్లు గాదు. కొమ్మల చివరలన్నియు నేటివే. పాలిగోర్డియస్ వయస్సును నీరిస్ వయస్సును ఒకటే.

సముద్రమునకు దూరముగా నున్న ఉదయగిరి, ఆత్మకూరు విద్యార్థులు ఈ లోకము తమది కాదనుకొనరాదు. ఏటి ఇసుకలోను, బావి అడుగున ఊట వచ్చు సందులలోను సూక్ష్మజీవులు గలవు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమున వై. రంగారెడ్డి భూగర్భజలములలోని కఠినచర్మములను శోధించి, 2002లో హబ్రోబాతినెల్లా నాగార్జునై అను జీవిని వర్ణించెను. రొయ్యకు దూరపు బంధువు. మిల్లీమీటరు పరిమాణపు జీవి, కన్ను లేదు, రంగు లేదు. బాతినెల్లా జాతి వారిలో పెక్కుమంది నేలలోపలి మంచినీటనే బ్రతుకుదురు. వారి పూర్వులు మాత్రము సముద్రమున నుండిరి. డింభకదశలోనే ఎదుగుదల ఆగి చిన్నవైనవని వీనిని గూర్చియు 1981లో హెచ్. కె. ష్మింకె వాదించెను. ఇసుక పురుగుల కథయే మరియొక వర్గమున, మంచినీటిలో, బావి లోతున.

చెన్నపురి, వాల్తేరు శాస్త్రజ్ఞులు తమ పురుగులను ఆ నాటి రీతిని చూచి, గీసి, పేర్లు పెట్టిరి. ఆ కాలమున నమూనాలను సామాన్యముగా ఫార్మలిను ద్రవములో భద్రపరచుచుండిరి. రూపమును చెడకుండ నిలుపుటలో దానికి సాటి లేదు. కాని అది డి.యన్.ఏ. పోగులను ముక్కలు చేసి, ఒకదానితో నొకటి బిగించివేయును. అట్టి సీసాలోని పురుగును సూక్ష్మదర్శినితో చదువవచ్చును గాని, అక్షరము అక్షరముగా చదువుట మిక్కిలి కష్టము. జన్యుపరీక్షకు క్రొత్త పురుగు కావలెను. పట్టిన వెంటనే గాఢమైన సారాయములోనో, అతిశీతలములోనో ఉంచవలెను. పేరు పెట్టిన తీరముననే తిరిగి త్రవ్వుట మేలు; ఏలయన ఒకే రూపముగల రెండు జాతులు ఒకే పేరు క్రింద దాగియుండుట ఇసుక పురుగులలో అరుదు కాదు. శాక్కోసిర్రస్ కుటుంబమునే 2014లో రూపమును, జన్యువులను కలిపి చూచి రెండు ప్రజాతులుగా విడదీసిరి.

పని కష్టమైనది కాదు. అల వెనుకకు పోయిన వేళ, ఒక చేద, ఒక వలగుడ్డ, కొంచెము మెగ్నీషియం క్లోరైడు. మైపాడు ఒడ్డు నెల్లూరునుండి గంట ప్రయాణములో నున్నది. ఆత్మకూరు బడినుండి విహారయాత్రకు వచ్చు పిల్లలు అచ్చట గవ్వలేరుకొందురు. గవ్వను తీసిన చోట తడి ఇసుకలో పడిన చిన్న గుంట నీటితో నిండును.